అంగుళం సందు

భోగి మంట దగ్గర కాచుకున్న చేతులు చల్లారకముందే మా బావమరిది లారీ గేర్‌బాక్స్ దించేశాం. ఏడింటికి మొదలుపెడితే పదిన్నరకల్లా అది పెరట్లో గోనెపట్టా మీద కూర్చుంది. "ఇంతేనా బావా! ఈమాత్రం దానికి రెండ్రోజులు షెడ్డులో బండి ఆపుకుంటామా?" అన్నాడు వాడు. నేను కాదనలేదు. కాదనాల్సింది. ఆ గేర్‌బాక్స్ తిరిగి బండెక్కింది కనుమ నాటి రాత్రి పదకొండింటికి.

బండి టాటా 407. ఈ మోడల్ 1986లో రోడ్డెక్కింది. వాడిది అంత పాతది కాదుగానీ నలుగురి చేతులు మారి వచ్చింది. పండక్కి వారం ముందు నుంచీ కాలవ వంతెన ఎక్కేటప్పుడల్లా ఇంజిన్ అరుపు పెరుగుతోంది, బండి వేగం మాత్రం పెరగట్లేదు. క్యాబిన్ నిండా మాడు వాసన. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని చెప్పడానికి మెకానిక్ అక్కర్లేదు. సామాను విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది, మనుషులే దొరకలేదు. పట్టీల దగ్గర్నుంచి బాడీ దాకా లారీకి ఏది కావాలన్నా దొరికే ఆ పేటలో, పండగ మూడు రోజులూ షట్టరు ఎత్తేవాణ్ణి వెతుక్కోవాలి. ముక్కనుమ పొద్దున మిల్లుకి ధాన్యం తోలతానని వాడు ముందే మాటిచ్చేశాడు. "నువ్వు కుర్రప్పుడు షెడ్డులో చేశావుగా బావా" అన్నాడు.

చేశాను. ఇంటర్ తప్పిన రెండేళ్లు లారీ షెడ్డులో నట్లు కిరసనాయిల్లో కడిగాను, టీలు తెచ్చాను, మేస్త్రి చెయ్యి చాపితే ఏ పానా కావాలో అడక్కుండా అందించాను. గేర్‌బాక్స్ ఎక్కించడం కనీసం యాభై సార్లు చూసి ఉంటాను. ముప్పై అయిదేళ్లు గడిచేసరికి ఆ చూడటం కాస్తా నా బుర్రలో చేయడంగా మారిపోయింది.

సర్వీసు పుస్తకాలు రాసేవాళ్ల మీద నాకు ఎప్పట్నుంచో గుర్రు. దించడం గురించి బొమ్మలేసి మరీ పేజీలు నింపుతారు. ఎక్కించడం దగ్గరకొచ్చేసరికి, ఇందాక చేసిందే చివర్నుంచి మొదటికి చేసుకోండని ఒక్క ముక్కలో చేతులు దులిపేసుకుంటారు. వాళ్లెప్పుడూ బండి కింద వెల్లకిలా పడుకుని ఉండరు. దించేటప్పుడు బరువు మన పార్టీ. బోల్టులు ఊడదీస్తే చాలు, తనే కిందికి వస్తానంటుంది. ఎక్కించేటప్పుడు పార్టీ మారుస్తుంది. అభిమన్యుడికి లోపలికి వెళ్లడం ఒక్కటే తెలుసు. మా పెరట్లో ఉన్న ఇద్దరికీ బయటికి లాగడం ఒక్కటే తెలుసు.

పైగా ఇది కంటికి కనపడని పని. ఇంజిన్ వెనక పళ్లెంలాగా ఫ్లైవీలు ఉంటుంది. దాని మీద క్లచ్ ప్లేటు, ఆ పైన ప్రెషర్ ప్లేటు. గేర్‌బాక్స్ ముందు వైపు నుంచి చెయ్యి చాచినట్టు ఉండే క్లచ్ షాఫ్టు, ప్లేటు నడిమి గాళ్లలోంచి దూరి, దాని కొస వెళ్లి ఫ్లైవీలు మధ్యనున్న చిన్న బేరింగులో కూర్చోవాలి. చిక్కంతా క్లచ్ ప్లేటుతోనే. దానికి తనదంటూ ఒక చోటు లేదు. ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగించే క్షణానికి ఎక్కడుంటే అక్కడే నొక్కుకుపోతుంది. పట్టుకున్న చెయ్యి వదిలితే సొంత బరువుకి ఓ రెండు మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. ఆ తేడా కంటికి ఆనదు. షాఫ్టుకి ఆనుతుంది.

నేను కంటిని నమ్ముకుని బిగించాను.

సంక్రాంతి పొద్దున, కొత్త చొక్కాలు వేసుకున్న వీధి వీధంతా గోడ మీంచి చూస్తుండగా, ట్రాలీ జాకీ మీద చెక్కముక్క, చెక్క మీద పాత స్కూటరు ట్యూబు, ట్యూబు మీద గేర్‌బాక్స్ పెట్టి లేపాం. గేర్‌బాక్స్ అడుగు చదునుగా ఉండదు. తాడుతో కట్టినా, పాలు తాగే పిల్లాడి తలలాగా ఒక పక్కకి ఒరుగుతూనే ఉంటుంది. షాఫ్టు ప్లేటులోకి దూరింది. జరిగింది, ఇంకాస్త జరిగింది, ఆగింది. ఇంజిన్‌కీ బెల్ హౌసింగ్‌కీ మధ్య అంగుళం సందు.

ఆ అంగుళం గురించి చెప్పాలి. మిగతా పనంతా కష్టం, అంతే. ఆ అంగుళం మాత్రం అవమానం. గేర్‌బాక్స్ దాదాపు తన చోట్లోనే ఉంటుంది. బోల్టు కన్నాలు ఎదురెదురుగా కనిపిస్తాయి. టార్చి వేస్తే అవతలి పక్క వెలుతురు కూడా తెలుస్తుంది. తోస్తే రాదు. ఊపితే రాదు. కాళ్లు ఇరుసుకి తన్నిపెట్టి భుజంతో నెడితే మన వీపు వెనక్కి జారుతుందిగానీ అది ముందుకి జరగదు. అడుగున పడుకున్నవాడి కంట్లో సరిగ్గా అప్పుడే నూనె బొట్టు పడుతుంది. ఖాళీ చేసిన గేర్‌బాక్సులో అంత నూనె ఎక్కడ దాక్కుంటుందో నాకు ఈనాటికీ అంతుబట్టదు.

"బోల్టులు పెట్టి బిగించుకుంటూ పోదాం బావా, అదే దగ్గరికి లాక్కుంటుంది" అన్నాడు వాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం షెడ్డు చదువు పనికొచ్చింది. వద్దన్నాను. షాఫ్టు కూర్చోకుండా బోల్టులతో లాగితే ఏదో ఒకటి లొంగుతుంది. హౌసింగ్ చెవి విరగొచ్చు, కొత్త ప్లేటు నడుం వంగొచ్చు. అలా లాగిన హెల్పరు కుర్రాణ్ణి మా మేస్త్రి ఒక్క మాటా అనలేదు. విరిగిన చెవి ముక్కని టీ గ్లాసు పక్కన పెట్టి, వారం రోజులు అక్కడి నుంచి తీయనివ్వలేదు.

విచిత్రమేమిటంటే, ఇంత సుకుమారం పోయే ఈ వస్తువు లోపల నడిచేదంతా మోటు సరసమే. తొలినాటి ఫ్రెంచి కార్లలో పళ్ల చక్రాల గేర్లు పెట్టిన ఎమిల్ లెవాసోర్, మొరటు పద్ధతే గానీ పనిచేస్తుంది అన్నాడని చెప్పుకుంటారు. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చాక ఆ మొరటుతనం కొంత తగ్గింది. మన లారీల దాకా అది రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1954 నుంచి 1969 దాకా టాటాలకి డైమ్లర్ బెంజితో పొత్తు ఉండేది. పొత్తు తీరి ఇరవయ్యేళ్లవుతున్నా మా షెడ్డుకొచ్చే ముసలి డ్రైవర్లకి ప్రతి టాటా లారీ 'బెంజి'యే. ఆ బళ్లకి డబుల్ క్లచ్ కొట్టాలి. ఒకసారి తొక్కి న్యూట్రల్, మళ్లీ తొక్కి గేరు. లెక్క తప్పితే పళ్లు పటపటా కొరుక్కునేవి. అన్ని దెబ్బలకీ ఓర్చుకునే గేర్‌బాక్స్, తనని ఎక్కించేవాడు వెంట్రుకవాసి వంకర పెడితే మాత్రం ఓర్చుకోదు.

మధ్యాహ్నానికి ఓటమి ఒప్పుకుని మళ్లీ దించాం. మా మేస్త్రి దగ్గర పాత గేర్‌బాక్సులోంచి తీసిన షాఫ్టు ముక్క ఒకటి ఉండేది. దాన్ని ప్లేటు నడుమ గుచ్చి, కొస బేరింగులో పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా బిగించాక లాగేసేవాడు. మాకు షాఫ్టు ముక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ కజ్జికాయలకి పూరీలు ఒత్తుతోంది. నేను ఏం చూస్తున్నానో ఆవిడ చూసింది.

"ఏవండీ, పిండి ఇంకా సగం ఉంది."

"పది నిమిషాలు."

అప్పడాల కర్రని దేవుడు క్లచ్ ప్లేటు కోసమే చేశాడా అనిపించింది. సన్నటి పిడి కొస బేరింగులోకి సరిపోయింది. లావు భాగానికి ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుడితే ప్లేటు నడిమి కన్నానికి బిగుతుగా కుదిరింది. బోల్టులు బిగించి కర్ర లాగితే 'ప్లప్' మని వచ్చింది. దాన్ని సబ్బుతో కడిగి తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ వాసన చూసి కిటికీ మీద పెట్టేసింది. మిగతా కజ్జికాయలు స్టీలు గ్లాసుతో ఒత్తింది. తమ్ముడి బండి కాబట్టి ఊరుకుంది.

సాయంత్రం మళ్లీ లేపాం. ఈసారి అంగుళం కాదు, ముప్పావు అంగుళం.

అప్పుడు సిగ్గు విడిచి మేస్త్రికి ఫోన్ చేశాను. ఎనభైకి దగ్గర పడ్డాడు, పండక్కి సొంతూళ్లో ఉన్నాడు. వెనకాల కోడిపందేల బరి గోల. రెండుసార్లు అరిచి చెప్తేగానీ నేనెవరో ఆనలేదు. నా అవస్థంతా విని అడిగింది ఒక్కటే: "సందు పైన ఎక్కువుందా, కింద ఎక్కువుందా?"

చూడలేదు. పొద్దుట్నుంచి ఆ సందునే చూస్తున్నాను, అది మాత్రం చూడలేదు. కింద దూరి వేలు పెట్టి చుట్టూ తడిమాను. పైన వేలు సులువుగా దూరుతోంది. కింద గోరు దగ్గరే ఆగింది.

"అయితే దాని తోక దిగుంది. తోక లేపు. ముందుకి నెట్టమాక, నెట్టేవాడికి ఎప్పుడూ రాదు" అన్నాడు. అవతల ఎవరో పందెం గెలిచినట్టున్నారు, కేకల్లో లైను పోయింది.

రాత్రి పడుకున్నా నిద్ర పట్టలేదు. ఆయన ఎలా ఎక్కించేవాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మా షెడ్డులో చైన్ బ్లాక్ ఉన్నా, చిన్న బళ్లకి దాన్ని కదిపేవాడు కాదు. గోనెసంచి పరుచుకుని పడుకుని, గేర్‌బాక్స్‌ని పొట్ట మీదికి జరిపించుకునేవాడు. రెండు మోకాళ్లు మడిచి వెనక భాగాన్ని ఆనించుకునేవాడు. ఊపిరి పీలిస్తే అది ఓ అరంగుళం లేచేది, వదిలితే దిగేది. నేను వెనక కూర్చుని, గేరులో ఉంచిన డబ్బాకి వెనక ఫ్లాంజి చేత్తో మెల్లగా తిప్పేవాణ్ణి, గాడికి గాడి దొరికేదాకా. ఇద్దరి మధ్యా మాట ఉండేది కాదు. ఊపిరి పీలుస్తూ, వదులుతూ, ఒక ఊపిరి సగంలో ఉండగా 'టక్' మనేది. ఆయన నెట్టడం నేను చూడలేదు. అది దూరే కోణం దొరికేదాకా దాని బరువు మోస్తూ పడుకునేవాడు, అంతే. ఆ బరువుకి, ఆ ఊపిరికి ఏ పుస్తకంలో బొమ్మ వేస్తారు?

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మేం కదిలాం. నా పొట్టకి అంత బలం లేదు, డాక్టరు కూడా ఒప్పుకోడు. జాకీనే ఊపిరి చేసుకున్నాను. తోక ఇంత లేపడం, వేలితో సందు చూడటం, మళ్లీ ఇంత లేపడం. పాత బోల్టులు రెండు తలలు కోయించి, పక్క కన్నాల్లో దారి పుల్లల్లాగా గుచ్చాం. అటూ ఇటూ పోకుండా డబ్బా వాటి మీదే జారుతుంది. బావమరిది వెనక ఫ్లాంజి దగ్గర.

"తిప్పు."

"తిప్పుతున్నా."

"అంత కాదురా. పాప బుగ్గ నిమిరినట్టు."

టక్.

సందు లేదు. ఇద్దరం బండి కింద పడుకునే నవ్వుకున్నాం. పైన బోల్టులు రెండింటికి క్యాబిన్ ఫ్లోరు రేకు తీసి పైనుంచి చెయ్యి పెట్టాల్సొచ్చింది. మిగతావి కిందినుంచే. అన్నీ బిగించి, చివరికి క్లచ్ ఫోర్కుని వేలితో కదిపాను. ఎదురు తన్నాల్సింది. తెగిన గుడిగంట తాడులా ఊగింది.

లోపల రిలీజ్ బేరింగుని మోసే ఆ ఫోర్కు, తన గుండు మీంచి జారిపోయింది. ఎప్పుడు జారిందో తెలీదు. బహుశా ఆ 'టక్'కీ, దాని ముందు ఊపుకీ మధ్యన. చూద్దామంటే అంతా మూసుకుపోయింది. మళ్లీ బోల్టులన్నీ తీసి, సాధించుకున్న ఆ సందుని మళ్లీ తెరవాలి. వాడు నా మొహం చూసి ఏమీ అడక్కుండా లేచి వెళ్లి టీ తెచ్చాడు.

ఈసారి మేస్త్రికి ఫోన్ చేయలేదు. ఆయన జేబులో ఎప్పుడూ ఓ పురికొస ఉండ ఉండేదని గుర్తొచ్చింది. టీ పొట్లాలు కట్టుకోవడానికి అనుకునేవాణ్ణి అప్పట్లో. గేర్‌బాక్స్ జానెడు వెనక్కి లాగి, ఫోర్కు కూర్చునే గుండు మీద గ్రీజు పెట్టి, ఫోర్కుని పురికొసతో వెనక్కి లాగి కట్టాను, కొస బయటికి వేలాడేలా. డబ్బా మళ్లీ ఎక్కింది. అరగంటే పట్టింది. కొస లాగితే ముడి ఊడి, దారం నల్లగా బయటికొచ్చింది. ఫోర్కు వేలికి ఎదురు తన్నింది.

అప్పటికి పదకొండు. జాయింట్ షాఫ్టు, ముందే సుద్దతో పెట్టుకున్న గుర్తుల ప్రకారం బిగించాం. 80డబ్ల్యూ-90 నూనె పక్క కన్నంలోంచి కారేదాకా పోశాం. స్టార్ట్ చేసి క్లచ్ తొక్కి ఫస్ట్ వేస్తే, తలుపు గడియ తీసినంత చప్పుడు కూడా లేదు. వాడు చీకట్లోనే వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. మా ఆవిడ అప్పడాల కర్ర పక్కనున్న కిటికీ లోంచి చూసి లోపలికెళ్లిపోయింది.

ముక్కనుమ పొద్దున ఏడున్నరకి ఫోన్.

"లోడు ఎక్కింది బావా. వంతెన ఎక్కేశాను, గుక్క తిప్పుకోలేదు. కానీ స్పీడు ముల్లు సున్నా మీంచి లేవట్లేదు."

పెరట్లోకి చూశాను. గోనెపట్టా మీద రేంచీల పక్కన స్పీడోమీటరు కేబులు బిగించే చిన్న నట్టు ఉంది.

"ఎంతలో వెళ్తున్నానో ఎలా తెలుస్తుంది బావా?"

"మెల్లగానే వెళ్తున్నావులే, వెళ్లు" అన్నాను.