మూత విప్పితే అర్థమయ్యే రేడియో
కొత్త హామ్ రేడియో సెట్‌కు తెర ఎంత పెద్దదని కాదు, మూత విప్పితే లోపలి పని అర్థమవుతుందా అని చూడాలి. హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్‌లో ఒకే క్రిస్టల్ ఫిల్టర్ వినడానికీ, పంపడానికీ పనికొస్తుంది. తొలి డిజైన్‌లోనైతే కుళాయి వాషర్ల మీద రాగి తీగ చుట్టి కాయిల్స్ చేసుకోమన్నారు! ధర్మసాగర్ లాంటి చిన్న ఊళ్లోనూ దొరికే సరుకే అది. చౌక సెట్టు సిగ్నల్ శుభ్రంగా ఉండదంటారు. నిజమే, తర్వాత వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ తొలి బోర్డుల్లో హార్మోనిక్స్ అనే అనవసర సిగ్నళ్ల బెడద ఉండేది. కానీ సర్క్యూట్ అందరికీ తెలిసిందే కాబట్టి వాడేవాళ్లే కొలిచి లోపం పట్టుకున్నారు. తర్వాతి వెర్షన్లలో ఫిల్టర్ల అమరిక మారింది. ఇక ఈ సెట్టు పంపే 10 వాట్లు ఏ మూలకంటారా? తుఫానుకు కరెంటు పోతే 12 వోల్టుల బ్యాటరీ మీద ఎక్కువసేపు నిలిచేది ఆ చిన్న సెట్టే. డిజైనర్లారా, సర్క్యూట్ బొమ్మను కూడా పెట్టెలో పెట్టి ఇవ్వండి.