చింతామణికర్తృత్వము - గతానుగతికత్వము

గంగాస్నానమునకుఁ బోయిన యొక బ్రాహ్మణుఁడు తన రాగిచెంబు పోకుండుటకై దానిని నిసుకలోఁ బాతి, గుఱుతుకొఱకుఁ బైని చిన్న దిబ్బ చేసి నీట దిగెనఁట. వెనుక వచ్చినవా రది యొక వ్రతాంగమని తలఁచి తామును దిబ్బలు చేయఁ దొడఁగిరి. బ్రాహ్మణుఁడు గట్టెక్కి చూచునప్పటికి రేవంతయు దిబ్బలే, చెంబు దొరకలేదు. గతానుగతికత్వమునకు దృష్టాంతముగాఁ బెద్దలు చెప్పిన యీ కథ వినువారు వెనుకవచ్చినవారి తెలివితక్కువకు నవ్వుదురు. నాకుఁ జూడ నందలి ముఖ్యవిషయము చెంబు పోవుట. మన వ్యాకరణచరిత్రమునందును నిట్టి రే వొకటి యున్నది.

ఆంధ్రశబ్దచింతామణి 82 ఆర్యలలో సంస్కృతమున వ్రాయఁబడిన తెనుఁగువ్యాకరణము. దీనిని నన్నయభట్టు రచించెనని చిరకాలముగాఁ జెప్పుకొనుచు వచ్చితిమి. ఎవరు చెప్పిరని యడిగినచో నప్పకవి చెప్పెనందురు. అప్పకవి 1656 వ సంవత్సరమునఁ దన లక్షణగ్రంథమునకుఁ బూనుకొన్నవాఁడు. నన్నయ రాజరాజనరేంద్రుని (1022-1061) యాస్థానకవి. నడుమ నాఱువందల యేండ్లు. ఈ యంతరమును నింపుటకు విష్ణువు స్వప్నమునఁ దనకుఁ జెప్పినట్లుగా నప్పకవి పీఠికలో నొక వృత్తాంతమును వ్రాసినాఁడు. భీమకవి రాఘవపాండవీయమును రచింపఁగా, నది భారతమునకు వన్నె తగ్గించునని నన్నయ దాని నణఁచెనఁట. అందులకుఁ బగపట్టి భీమకవి చింతామణిని గోదావరిపాలు చేసెనఁట. రాజరాజు కొడుకు సారంగధరుఁడు బాల్యముననే దానిని వల్లించియుండుటచే గ్రంథము నిలిచెనఁట. సిద్ధుఁడై చిరకాలము జీవించిన యాతఁడు మతంగగిరికడ దానిని బాలసరస్వతి కొసఁగెనఁట.

కథ చక్కనిది. కాని దీనిని సాక్ష్యముగాఁ జదివితిమేని, బాలసరస్వతికి ముందు గ్రంథము లోకమున వ్యాప్తిలో లేదని కథయే యొప్పుకొనుచున్నది. లేకపోవుటకుఁ గారణము చెప్పుటకే కథ పుట్టినట్లున్నది. శాసనములవలనఁ బ్రసిద్ధుఁడైన రాజరాజపుత్రుఁడు కులోత్తుంగచోడుఁడు. సారంగధరుని ప్రసిద్ధి కథలయందు. ఇఁకఁ దిక్కనసోమయాజి కాలమువాఁడైన కేతన, యాంధ్రభాషాభూషణమునఁ దెనుఁగునకు లక్షణ మంతకుమున్నెవ్వరును జెప్పలేదని స్పష్టముగాఁ బలికినాఁడు. కేతన తెనుఁగున వ్రాసిన లక్షణమునుగూర్చియే పలికెఁగాని సంస్కృతమున నున్నదానినిగూర్చి కాదని సమాధానము చెప్పవచ్చును. అది యెకాయెకిఁ ద్రోసివేయఁదగినది కాదు. అయినను దశకుమారచరిత్రమును దిక్కన కంకితమిచ్చినవాఁడు, ఆ తిక్కన యే భారతమును గొనసాగించెనో దాని నారంభించిన మహాకవి తెనుఁగునకు వ్యాకరణము చేసియుండఁగా నొక మాటతోనైనఁ దలఁపకపోవుట నా కసంభవముగాఁ దోఁచుచున్నది. ముందు దారి లేనిచోట దారి తీసితినని చెప్పుకొన్న కేతనకు రావలసిన మన్నన యీ కథవలన రాకపోయినది. రేవులోఁ బోయిన చెంబు లిట్టివి.

ఇంత దుర్బలమైన వృత్తాంతమును మహాపండితు లేల నమ్మిరి? నన్నయ భారతావతారికలోఁ దన్ను శబ్దశాసనునిగాఁ జెప్పుకొన్నాఁడు. తరువాతివారు వాగనుశాసనుఁ డనిరి. శాసించినవానికి శాసనగ్రంథ మొకటి యుండవలదా యను తలంపు సహజము. మొదటఁ గోరిక, పిదప నమ్మకము, కట్టకడపట నాధారము. అహోబలపతి దానికి సంస్కృతవ్యాఖ్య వ్రాసెను. ఆ సంప్రదాయమును బురస్కరించుకొని చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణము (1858) పాఠశాలల కెక్కినది. సూరి ప్రతిభ సామాన్యమైనది కాదు. కాని నియమమునకు వెనుక నన్నయ నిలిచియున్నాఁడన్న భావము చదువరులను విడువలేదు.

దాని ఫల మల్పమైనది కాదు. నియమము నన్నయది యైనప్పుడు దానికి విరుద్ధమైన ప్రయోగము తప్పు కావలెను. పెద్దకవి తప్పు చేయఁడు గనుక నది వ్రాయసకాని తప్పు కావలెను. పరిష్కర్త దిద్దును. దిద్దిన పాఠ మచ్చుపడి, మఱునాఁ డా నియమమునకే లక్ష్యముగా నుదాహరింపఁబడును.

ఒరులమాట యేల? ఒక ద్విపదకావ్యమునకుఁ బ్రతి వ్రాసికొనుచుండఁగా నాకు ‘చేసిచ్చె’ నను రూపము కనఁబడినది. క్త్వార్థకమైన యిత్తునకు సంధి లేదని బాల్యమున వల్లించినవాఁడను గావున, నాలోచింపక ‘చేసి యిచ్చె’ నని దిద్దితిని. అక్షర మొకటి పెరిగి గణము చెడినది. లేఖకుఁ డెక్కడనో యొక యక్షర మెక్కువ వ్రాసెననుకొని యా పాదముననే యింకొక పదమును గుదించితిని. కవిని రక్షించితినని సంతోషము గూడఁ గలిగినది. కొన్ని నెలలకు వేఱొక తాళపత్రప్రతి చేఁజిక్కినది. అందును ‘చేసిచ్చె’ ననియే యున్నది. నేను గుదించిన పదము చెక్కుచెదరక యున్నది. ఇరువురు వ్రాయసకాండ్రు నొక్కచోట నొక్కరీతిగాఁ దప్పిరనుటకంటె నేను దప్పితిననుట సులభము. నియమమును నేను బరీక్షించి నమ్మలేదు. అది యెక్కడిదని యడుగనైనను లేదు. అందఱును నమ్మియుండిరి, నేనును నమ్మితిని.

ఇప్పుడు గాలి మాఱినది. చింతామణి నన్నయది కాదనుట విద్యావంతులలో సామాన్యాభిప్రాయమైనది. నా యభిప్రాయమును నదియే. కాని యేల కాదని యడిగినచోఁ బలువురు చెప్పునది పెద్దలు తేల్చినారన్న మాట యొక్కటే. అప్పకవిపీఠికను విప్పినవారు తక్కువ. కేతన పలుకును జూచినవా రింకను దక్కువ. నమ్మిక మాఱినదే కాని నమ్మురీతి మాఱలేదు. అంతటితోఁ బోక, నన్నయది కానందున నందలి నియమములన్నియు విసర్జింపఁదగినవని కొంద ఱనుచున్నారు. ఇది రేవులోని దిబ్బల నన్నిఁటిని గాలఁ దన్నుట. చెంబు దీనను దొరకదు. కర్త యెవఁడైనను బూర్వకవిప్రయోగములు చూచి వ్రాసినవాఁడే. ఏ యార్య కెంత లక్ష్యము గలదో యొక్కొక్కటిగాఁ దూఁచి చూడవలసియున్నది. ఆ పని విసుగు పుట్టించునది. జయఘోషల కందుఁ జోటు లేదు.

నా ద్విపదప్రతిని మరల మొదటినుండి వ్రాయుచున్నాను. ‘చేసిచ్చె’ యథాస్థానమునకు వచ్చినది. నా దిద్దుబాటును జెఱపక యంచున నుంచితిని. నేను జేయి చేసికొన్న చోటు లిట్టివి మఱి 11 గానవచ్చినవి. వానిలో వ్రాయసకాని తప్పు లెన్నియో, నావి యెన్నియో తేల్చుకొనుటకు మూఁడవ ప్రతికై వెదకుచున్నాను.