వంతెన కథ, సిలువ బోధ: యౌవనస్థులకు ప్రాయశ్చిత్తమును నేర్పు విధముపై ఒక విమర్శ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములలో యౌవనస్థుల కూడికలకు వెళ్లు సేవకులు సిలువను గూర్చి బోధించునప్పుడు తరచుగా ఒక కథ చెప్పుచున్నారు. రైలు వంతెనను ఎత్తి దించు ఉద్యోగి ఒకడున్నాడు. రైలు వచ్చు సమయమున అతని చిన్న కుమారుడు యంత్రములో పడిపోవును. వంతెన దించినయెడల కుమారుడు నలిగిపోవును, దించనియెడల ప్రయాణికులందరు నదిలో పడుదురు. తండ్రి మీట లాగును. కుమారుడు మరణించును, రైలులోనివారు ఏమియు తెలియక నవ్వుకొనుచు వెళ్లిపోవుదురు. 2003లో బాబీ గరాబేడియన్ దర్శకత్వమున వచ్చిన ‘మోస్ట్’ అను చెక్ లఘు చిత్రము ఈ కథనే చూపెను. ఆ మాటకు వంతెన అనియే అర్థము. అది ఆస్కార్ బహుమతి పోటీలో నిలిచినది గనుక దానికి ఇంకను పేరు వచ్చెను.

కథ ముగియగానే కన్నీళ్లు వచ్చును, పిలుపు ఇవ్వబడును, చేతులు లేచును. ఆ కన్నీళ్లను మేము తక్కువ చేయుట లేదు. అయితే ఆ కన్నీళ్లు ఏ దేవుని ఎదుట కార్చబడుచున్నవో విచారింపవలసిన బాధ్యత బోధకునిదే.

ఈ కథలో కుమారుడు తనను తాను అప్పగించుకొనలేదు. యోహాను సువార్త 10వ అధ్యాయములో ప్రభువు తన ప్రాణమును ఎవడును తీసికొనుట లేదనియు, తానే పెట్టుచున్నాననియు స్పష్టము చేసెను. కథలో తండ్రి ఒక తట్టు, కుమారుడు ఒక తట్టు. రెండవ కొరింథీ 5వ అధ్యాయములోనైతే దేవుడు క్రీస్తునందే ఉండి లోకమును తనతో సమాధానపరచుకొనెను. మీట దగ్గర నిలిచినవాడును యంత్రములో నలిగినవాడును వేరువేరు కారు. మరియు కథలో పాపము లేదు, ప్రమాదము మాత్రమే ఉన్నది. కల్వరిలో ప్రయాణికులు అమాయకులు కారు. అప్పగించిన యూదా, చేతులు కడుగుకొన్న పిలాతు, కేకలు వేసిన జనము, పారిపోయిన శిష్యులు, వీరందరు ఆ రైలులోనే ఉన్నారు. అన్నిటికంటె పెద్ద లోపమేమనగా, ఈ కథకు మూడవ దినము లేదు. చిత్రములో చివరకు ఒక స్త్రీ జీవితము మారినట్లు చూపుదురు గాని కుమారుడు లేవడు. మనము నీతిమంతులుగా తీర్చబడుటను పౌలు రోమా 4వ అధ్యాయపు చివర ప్రభువు పునరుత్థానముతో ముడిపెట్టెను. ఆ ముడి తెగినయెడల మిగులునది ఒక విషాద కథ.

ఆ 2003లోనే ఇంగ్లండులో స్టీవ్ చాక్, అలన్ మాన్ అనువారు వ్రాసిన పుస్తకము ప్రత్యామ్నాయ ప్రాయశ్చిత్త బోధను, బిడ్డను హింసించు తండ్రి కథతో పోల్చినందున ఇవాంజెలికల్ వర్గములలో గొప్ప వివాదము రేగెను. మా అభిప్రాయములో ఆ నింద పౌలుకు తగలదు. మన వంతెన కథకు మాత్రము తగులును.

మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ రైల్వే జంక్షన్. 1912లో అభిషిక్తుడైన బిషప్ అజరయ్య గారి పీఠము అక్కడనే. రైల్వే ఉద్యోగుల పిల్లలున్న కూడికలో ఈ కథ చెప్పినయెడల, “సిగ్నల్ ఎర్రగా ఎందుకు పెట్టలేదండీ?” అని ఎవడో ఒకడు అడుగకుండ ఉండడు. దానిని అల్లరి ప్రశ్నగా త్రోసివేయరాదు. వేరొక మార్గము లేదా అని గెత్సేమనేలో ప్రభువే అడిగెను. 1098లో ముగిసిన తన గ్రంథములో అన్సెల్మ్ అడిగినదియు దాదాపు ఇదే: దేవుడు మనుష్యుడెందుకు కావలసివచ్చెను?

అన్సెల్మ్ ఇచ్చిన జవాబు మన సెమినరీలలో కంఠస్థమే. పాపము దేవుని ఘనతకు భంగము; మనుష్యుడు చెల్లింపవలెను, దేవుడు మాత్రమే చెల్లింపగలడు. ఆయన ఉద్దేశము పగ తీర్చుకొను దేవుడు కాదు. అయినను ఈ మాటలను జనగామ ప్రాంతమునకు యథాతథముగా తెచ్చినయెడల ఏమగునో చూడవలెను. విసునూరు దేశ్‌ముఖ్ ఏలిన నేల ఇది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకొనుటకు పోరాడెను. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య దొర మనుష్యుల తుపాకికి బలియయ్యెను. వెట్టి చేసిన తాతల కథలు విని పెరిగిన యౌవనస్థునికి, “ఘనతకు భంగము కలిగినందున ఒకడు చావవలసివచ్చెను” అని చెప్పినయెడల వాని మనస్సులో లేచునది గడీలోని దొర. దొర చెంప మీద కొట్టినవాని బదులు దొరే చెంప చూపెనని చెప్పినగాని సువార్త కాదు. అక్కడి పిల్లలకు అమరుడనగా ఎవరో బాగుగా తెలుసు గనుక యేసును ఇంకొక అమరునిగా చేర్చుకొనుటయు సులభము. కొమురయ్య తనవారి కొరకు మరణించెను. క్రీస్తు కాల్చినవాని కొరకు కూడ మరణించెను. రోమా 5వ అధ్యాయములో ‘శత్రువులు’ అను మాట అందుకే ఉన్నది. మన ప్రసంగములలో ఆ మాట మీద నిలుచువారు తక్కువ.

ఇంతకంటె లోతైన చిక్కు మన భాషలోనే ఉన్నది. ప్రాయశ్చిత్తము అను మాట ధర్మశాస్త్రములది. మనుస్మృతి 11వ అధ్యాయములో దోషి తానే ఉపవాసములు, వ్రతములు చేసి శుద్ధుడగును. తెలుగువాడు నేటికిని ‘ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు’ అనును, ‘చేయబడినది’ అనడు. మన బైబిలు అనువాదకులు ఆ మాటనే లేవీయకాండమునకు తీసికొనిరి. అక్కడ యాజకుడు జనుల నిమిత్తము చేయును. బలిపీఠము మీది రక్తమును దేవుడే ఇచ్చెనని 17వ అధ్యాయము చెప్పును. కర్త మారిపోయెను. ఈ మార్పును చెప్పకుండ మాటను మాత్రము అప్పగించినందున మన పిల్లలు పాత అర్థములోనే దానిని వాడుచున్నారు. తప్పు చేసి నలువది దినములు ఉపవాసముండి, అటుపిమ్మట బల్లలో చేయి వేయుటకు తమకు అర్హత వచ్చినదనుకొందురు.

యోహాను మొదటి పత్రికలో ఒకే గ్రీకు మాటను మన పాత అనువాదము 2వ అధ్యాయములో ‘శాంతికరము’ అనియు, 4వ అధ్యాయములో ‘ప్రాయశ్చిత్తము’ అనియు వ్రాసెను. మొదటి మాట విన్నవాడు కోపమును తలంచును, రెండవది విన్నవాడు దోషమును తలంచును. దానికి దగ్గరి బంధువైన మాటకు రోమా 3లో ‘కరుణాధారము’, హెబ్రీ 9లో ‘కరుణాపీఠము’. ఈ నాలుగింటిని ఒకే కాగితముపై ప్రక్క ప్రక్కన వ్రాసి, లేవీయకాండము 16వ అధ్యాయముతో కలిపి చదివించిన బైబిలు తరగతికి వంతెన కథ అవసరముండదని మా నమ్మకము.

భూపాలపల్లిలో ‘కరుణ’ అను మాటకు వేరొక ధ్వని కలదు. సింగరేణి గనిలో తండ్రి మరణించినను, వైద్యమండలి ఆయనను పనికి అనర్హుడని తేల్చినను, నిబంధనలకు లోబడి బిడ్డకు దొరుకు ఉద్యోగమును కారుణ్య నియామకమందురు. ఒకని శరీరము అరిగిపోయినందున మరియొకనికి జీవనము కలుగుట అక్కడి యౌవనస్థులకు సిద్ధాంతము కాదు, ఇంటి సంగతి. ఒక విషయములో ఇది వంతెన కథను మించినది. ఉద్యోగము పొందినవాడు ప్రయాణికునివలె సాగిపోడు. తండ్రి దిగిన గనిలోనికే తానును దిగును. రోమా 6వ అధ్యాయములో బాప్తిస్మము అట్టిదే. అయితే కంపెనీ కరుణ చూపును గాని కంపెనీకి గాయము కాదు. కరుణ చూపినవాడే గాయపడెనని చెప్పుటకు అక్కడనుండి ఒక అడుగు చాలును.

ఆ ప్రాంతపు పిల్లలకు మేడారమును తెలిసినదే. 2019లో ములుగు జిల్లా వేరుపడువరకు అది ఈ జిల్లాలోనే ఉండెను. రెండేండ్లకొకసారి జరుగు ఆ జాతరలో భక్తులు తమ ఎత్తు బెల్లమును బంగారమని సమర్పింతురు. దానిని పరిహసించు ప్రసంగములు మేము వింటిమి. అవి ఎవరికిని మేలు చేయవు. పరీక్ష తప్పించుమని ఉపవాసము మొక్కుకొను మన పిల్లవానికిని, బెల్లము తూచు వానికిని నడుమ భేదమెక్కడనో మొదట మనమే చెప్పుకొనవలెను.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితముల తరువాత తెలంగాణలో పలువురు విద్యార్థులు ప్రాణము తీసికొనిరి. ఓటమికి ప్రాణమే వెలయని తలంచు వయస్సు అది. అట్టివారి ఎదుట “తప్పుకు ఒక ప్రాణము చెల్లింపబడవలసినదే” అని గంభీరముగా చెప్పి, అది ఒక్కసారియే చెల్లింపబడెననియు, ఇక ఏ బిడ్డ ప్రాణమును దేవుడు అడుగడనియు హెబ్రీ 10వ అధ్యాయము చూపి చెప్పకుండ ప్రార్థనతో ముగించు బోధకుడు ఎంత ప్రమాదములో ఆడుకొనుచున్నాడో ఎరుగడు. “నీ కోసం చచ్చాడు, నువ్వేం చేశావు?” అను ప్రశ్న మన కూడికలలో మిక్కిలి ప్రియమైనది. అప్పు తీర్చబడెనని ప్రకటించి, మరుక్షణమే పిల్లవాని చేతిలో వడ్డీ కాగితము పెట్టుట అది.

లేవీయకాండము 16లో మేకలు రెండు. వధింపబడిన మేకను గూర్చి మన యౌవనస్థులు చాల ప్రసంగములు వినిరి. దోషములన్నిటిని మోసికొని అరణ్యములోనికి పోయి, మరల పాళెములోనికి రాని ఆ విడిచిపెట్టే మేకను గూర్చి వచ్చే లెంటు దినములలో ఒక వారమైనను బోధింపవలెనని ఈ మూడు జిల్లాల సేవకులను కోరుచున్నాము.