హారీ స్మిత్ పాటల కూర్పు: ఒక పరిశీలన

సంకలనకర్తను విమర్శకుడుగా గుర్తించే అలవాటు సాహిత్యలోకంలో తక్కువ. ఇతరుల సృష్టిని ఏర్చి కూర్చినవాడు పరిచారకుడే గాని స్రష్ట కాడన్న అభిప్రాయం పలువురిలో ఉన్నది. అది ఎంత అసమగ్రమో తెలియవలెనంటే, 1952లో న్యూయార్కులోని ఫోక్‌వేస్ సంస్థ వెలువరించిన ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’ను మొదటి పాట నుండి చివరి పాట వరకు, కూర్చిన వరుసలోనే వినవలెను.

ఆరు లాంగ్‌ప్లే రికార్డులు, 84 పాటలు. కూర్చినవాడు హారీ స్మిత్ (1923-1991). చిత్రకారుడు, ప్రయోగాత్మక చలనచిత్రాలు తీసినవాడు, పాత గ్రామఫోను ప్లేట్లు సేకరించినవాడు. ఇందులో అతడు ఊరూరా తిరిగి ధ్వనిముద్రణ చేసిన పాట ఒక్కటీ లేదు. అన్నీ 1920ల చివర, 1930ల మొదట కంపెనీలు అమ్మకానికై తయారుచేసిన ప్లేట్లే. ఆ కంపెనీలు నల్లవారి పాటలను ‘రేస్ రికార్డులు’ అనీ, పల్లెపట్టుల తెల్లవారి పాటలను ‘హిల్‌బిల్లీ’ అనీ వేర్వేరు జాబితాలలో విక్రయించేవి. నేడు బ్లూస్ అనీ, కంట్రీ అనీ చెప్పుకొనే విభజనకు ఆ వ్యాపారపు జాబితాలు చాలవరకు మూలం. స్మిత్ వాటిని త్రోసిపుచ్చి, కథాగేయాలు, సామాజిక సంగీతం, పాటలు అని మూడు భాగాలు చేసినాడు. గాయకుల జాతిని పేర్కొనలేదు. మిసిసిపీ జాన్ హర్ట్ నల్లవాడన్న సంగతి ఎందరో శ్రోతలకు ఏళ్ళతరబడి తెలియనే లేదు.

కథాగేయాల భాగంలో స్మిత్ విమర్శదృష్టి స్పష్టంగా కనబడుతుంది. మొదటి ఐదు పాటలు ఇంగ్లండు, స్కాట్లండుల నుండి సముద్రం దాటి వచ్చిన ప్రాచీన గాథలు. పండితుడు ఫ్రాన్సిస్ చైల్డ్ వాటికి ఇచ్చిన సంఖ్యల క్రమంలోనే అవి నిలిచినవి. తరువాత అమెరికా ప్రజల నోట నానిన సంఘటనలు వస్తాయి: 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డును కాల్చిన గిటో, రైలు ప్రమాదంలో మరణించిన కేసీ జోన్స్, 1912లో మునిగిన టైటానిక్. చివరకు కౌలురైతు గోడు, పత్తిని తినే పురుగు, సేద్యం మీద విరక్తి. తొలి గాథలో ప్రాణం తీసినది ప్రియురాలి కత్తి. తుది పాటలలో బ్రతుకును తినివేసేది అప్పు, పురుగు. ఒక సమాజపు చరిత్రను స్మిత్ వ్యాసం వ్రాసి చెప్పలేదు, పాటల వరుసతో చెప్పినాడు.

ఆ కౌలురైతు పాట 1929లో బెంట్లీ బాయ్స్ పాడిన ‘డౌన్ ఆన్ పెన్నీస్ ఫార్మ్’. బాబ్ డిలన్ ‘మ్యాగీస్ ఫార్మ్’కు అది ప్రేరణ. 1965 జూలైలో న్యూపోర్టు జానపదోత్సవంలో డిలన్ విద్యుత్ గిటారు పట్టి ఈ రెండవ పాట పాడినప్పుడు సభలో కలకలం చెలరేగినది. సంప్రదాయం భగ్నమైనదని వాపోయినవారు, ఆ రాక్ హోరులో 36 ఏళ్ళనాటి కౌలురైతు గోడు ఉన్నదని గుర్తించినట్లు లేదు.

అయితే ఈ కూర్పు నిర్దోషమని చెప్పరాదు. పది అంగుళాల ప్లేటు ఒక ప్రక్కన పట్టేది సుమారు మూడు నిముషాల పాట. దీర్ఘగాథలు ఎంత కుదించుకొనిపోయినవో కూర్పు వలన తెలియదు. అంతకన్న ముఖ్యమైన దోషం మరొకటి. జాతిని పేర్కొనకపోవడం వలన శ్రోత చెవి నిష్పాక్షికమైనది. కాని ఆ గొంతు వెనుకనున్న వివక్ష చరిత్ర మరుగున పడినది. 1928లో పాడిన హర్ట్, ప్లేట్లు అమ్ముడుపోక, మిసిసిపీలోని అవలాన్ అనే పల్లెకు మరలి పొలం పనులతో కాలం గడిపినాడు. 1963లో అభిమానులు అతనిని కనుగొన్నది, పాటలో అతడు చెప్పుకొన్న ఊరిపేరు ఆధారంగానే. జాబితా నుండి పాటను విడదీయవచ్చు. ఊరి నుండి విడదీయరాదు.

తెలుగున బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ 1958లో గ్రంథరూపం పొంది, జానపద గేయానికి పండితలోకంలో గౌరవం సంపాదించినది. అచ్చు నిలుపగలిగినది మాటను. గొంతు, సాగదీత, ఊపిరి పుటకు అందవు. 2016లో డిలన్‌కు నోబెల్ బహుమతి లభించినప్పుడు పాట సాహిత్యమా అన్న చర్చ లేచినది. పదం, తత్త్వం, బుర్రకథ ఎరిగిన తెలుగువారికి అది క్రొత్త ప్రశ్న కాదు. తేలవలసినది మరొకటి ఉన్నది: పాడినవారి కులాన్ని, ఊరిని దాచకుండా, వాటికే పాటను కట్టిపడవేయకుండా కూర్చడం ఎట్లా? స్మిత్ ఇందులో సగం పని చేసినాడు. మిగిలిన సగం నేటి సంకలనకర్తలది, అనువాదకులది.