జనాజాకు ముందు అడిగే మాట

మా పెద్దతిప్పసముద్రం వైపు ముస్లింల ఇంట ఎవరైనా కన్నుమూస్తే, జనాజా (అంత్యక్రియల) నమాజుకు అందరూ వరుసలు కట్టాక, ఇమాం తక్బీర్ (అల్లాహు అక్బర్) చెప్పేలోపు, పోయిన మనిషి కొడుకో తమ్ముడో ముందుకొచ్చి నిలబడతాడు. "మా నాయన మీలో ఎవరికైనా బాకీ ఉంటే నాకు చెప్పండి, నేను తీరుస్తా. ఎవరినైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి" అంటాడు. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఇంకోసారి. కొంచెం ఎడంగా చెట్టు కింద విత్తనాల అంగడాయన, పాల కేంద్రం ఆయన, పక్క చేని రైతు నిలబడి ఉంటారు. ఆ రెండోసారి చెప్పేది వాళ్ళ కోసం.

ఆ నమాజులో నడుం వంచే రుకూ లేదు, నేలకు నుదురు ఆనించే సజ్దా లేదు. నిలబడే నాలుగు తక్బీర్లు, దువా, సలాం. కాసేపట్లో ముగుస్తుంది. కానీ దానికి ముందు కొడుకు అడిగిన మాట మదీనా నుంచి వచ్చింది. అక్కడ ఒక జనాజా తెచ్చినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) ఇతనికి అప్పుందా అని అడిగారు. ఉందన్నారు. తీర్చడానికి ఏమైనా మిగిల్చాడా అంటే లేదన్నారు. అలాగైతే నమాజు మీరే చేసుకోండని ఆయన తప్పుకున్నారు. ఉన్నది కొద్ది దీనార్ల అప్పే. అబూ ఖతాదా అనే సహచరుడు ఆ బాకీ తన మీద వేసుకున్నాకే నమాజు చేయించారు. తర్వాత రాబడి పెరిగిన రోజుల్లో, తీర్చలేని అప్పుతో పోయిన వాళ్ళ బాకీ తానే కడతానని ప్రకటించారు. రెండూ బుఖారీ హదీసు సంకలనంలో ఉన్నాయి. మొదటిది చెప్పి రెండోది వదిలేస్తే, సేద్యంలో చితికిపోయి అప్పులతో పోయిన రైతును చావులో కూడా అవమానించినట్టే. అందుకే నేను ఎప్పుడూ రెండూ కలిపే చెబుతాను.

నమాజు అల్లాహ్‌తో వ్యవహారం, వ్యాపారం మనుషులతో వ్యవహారం, రెంటికీ పొత్తు లేదు అనుకునేవాళ్ళు అన్ని ఊళ్ళల్లో ఉన్నారు. ఖురాన్ ఆ గోడ కట్టనివ్వదు. సిగ్గుమాలిన పనుల నుంచి, చెడు నుంచి మనిషిని ఆపడమే నమాజు చేసే పని అని 29వ సూరా 45వ వాక్యం చెబుతుంది. 107వ సూరా ఇంకా కఠినం. ఏడే ఏడు వాక్యాలు. అనాథను గెంటేసేవాణ్ణి, పేదవాడి తిండి పట్టనివాణ్ణి, నలుగురు చూడాలని నమాజు చేస్తూ ఇరుగుపొరుగుకు చిన్న వస్తువు కూడా ఇవ్వనివాణ్ణి ఒకే వరుసలో నిలబెట్టి హెచ్చరిస్తుంది. చిన్న వస్తువంటే పక్కింటివాళ్ళు అడిగే చేట, గునపం, కడవ లాంటివి. మక్తబ్‌లో పిల్లలు మొదట కంఠస్థం చేసే సూరాల్లో ఇదొకటి. దాని అర్థం కూడా ఆ వయసులోనే, ఆ బిడ్డ వీధిలో మాట్లాడే తెలుగులోనే చెప్పాలని నా పట్టుదల. మన పక్క అనంతపురంలో దత్తమండల కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు గత శతాబ్దం మొదటి సగంలోనే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత ఎన్నో అనువాదాలు వచ్చాయి. తెలుగులో చెప్పడానికి దారి లేదనే మాట ఇక చెల్లదు.

తూకం గురించి చెప్పే 83వ సూరా శాపంతోనే మొదలవుతుంది. తాము కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ళకు ఆ శాపం. మదనపల్లె టమోటా మార్కెట్‌కు సరుకు తోలే మన ప్రాంతంలో ఈ సూరా చదివిన ప్రతిసారీ నాకు క్రేట్లు కళ్ళ ముందు ఆడతాయి. మదీనా బజారులో ప్రవక్త (స) ఒక ధాన్యం రాశిలోకి చెయ్యి పెట్టి చూశారు. అడుగున తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. అయితే కొనేవాడికి కనబడేలా తడిసినదాన్ని పైన పెట్టొచ్చు కదా అన్నారాయన. మోసం చేసేవాడు తన మనిషి కాడని కూడా అన్నారు. క్రేటు అడుగున మచ్చకాయ పేర్చి పైన ఎర్రటి కాయ పరిచే చేతికి ఈ మాట వర్తిస్తుంది. తరుగు పేరుతో రైతు కాయను ఉత్తపుణ్యానికి లాక్కునే చేతికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. రైతుకు మార్కెట్లో బేరమాడే బలం తక్కువ కాబట్టి ఆ రెంటినీ సమానమని నేననను.

"మనసు మంచిదైతే చాలు కదా, ఈ అయిదు పూటల నమాజు, ఉపవాసాలు ఎందుకు?" అని నన్ను అడిగిన స్నేహితులున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు రోజా (ఉపవాసం)లో ఉంది. ఎండాకాలంలో రంజాన్ వచ్చిన ఏడాది, చేనిలో పని చేసి మధ్యాహ్నం ఇంటికి వచ్చిన మనిషి గొంతు పిడచగట్టుకుని ఉంటుంది. తలుపు వేసి ఉంది. కుండలో నీళ్ళున్నాయి. ఒక గుక్క తాగి మూతి తుడుచుకుంటే ఊళ్ళో ఎవరికీ తెలియదు. అయినా తాగడు. ఎవరూ చూడనప్పుడు కూడా తన చేతిని తాను పట్టుకోవడం నెల పొడవునా సాధన చేస్తున్నాడు. ఎవరూ చూడని ఇంకో చోటు తక్కెడ దగ్గరుంది, బాకీల పుస్తకం దగ్గరుంది, తప్పు అంకె వేసి సంతకం పెట్టించుకునే కాగితం దగ్గరుంది. నీళ్ళ దగ్గర ఆగిన చెయ్యి అక్కడా ఆగాలి. అబద్ధం మానని వాడు అన్నం, నీళ్ళు మానినంత మాత్రాన అల్లాహ్‌కు దానితో పనిలేదని హదీసు చెప్పేది అందుకే. మంచి మనసు ఉండటం వేరు, అవసరం మీద పడ్డ వేళ అది నిలబడటం వేరు. రెండోదానికి అభ్యాసం కావాలి. అది రోజూ చేయాల్సిన పని.

ఆరాధన కూడా మనిషి ఇబ్బందిని చూసి తగ్గుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంఘటన ప్రవక్త (స) సహచరుడు ముఆజ్‌ది. ఆయన ఒక రాత్రి నమాజులో ఇమాంగా నిలబడి పెద్ద సూరా అందుకున్నారు. పగలంతా నీళ్ళు తోడే రెండు ఒంటెలతో పనిచేసి వచ్చిన ఒక మనిషి నిలబడలేక విడిగా చదువుకుని వెళ్ళిపోయాడు. అతణ్ణి ముఆజ్ తప్పుపట్టారు. సంగతి ప్రవక్త (స) దగ్గరకు వెళ్తే ఆయన మందలించింది ముఆజ్‌నే. వెనక ముసలివాళ్ళు, బలహీనులు, పని ఉన్నవాళ్ళు ఉంటారని, చిన్న సూరాలు చదవమని చెప్పారు. బోరు మోటారుకు కరెంటు వచ్చే వేళకు చేనికి పరుగెత్తే మనుషులున్న మా మండలంలో ప్రతి ఇమాంకూ ఈ కథ తెలియాలి. పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి మనసు ఎంత కలత పడుతుందోనని ప్రవక్త (స) నమాజును కుదించేవారు. నీళ్ళ దగ్గరా ఆయనది పొదుపే. నమాజుకు ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు ఆయన వాడిన నీళ్ళు లీటరు కూడా కావు. బోర్లు ఎండిపోయే మన నేలలో కొళాయి తిప్పి వదిలేసి వజూ చేయడం నాకు కష్టంగా ఉంటుంది.

హజ్ యాత్రకు వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందు ఇల్లిల్లూ తిరిగి "కహా సునా మాఫ్ కర్నా" అని అడగడం మన వైపు ఆచారం. తెలుగువాళ్ళ ఇళ్ళకూ వెళ్తారు, ఏదైనా మాటన్నా మనసులో పెట్టుకోవద్దంటారు. వాళ్ళు కాఫీ ఇచ్చి పంపుతారు. చాలా మంచి ఆచారం. అయితే నోటిమాటతో అన్నీ చెల్లవు. 13వ శతాబ్దపు పండితుడు ఇమాం నవవీ తౌబాకు (పాపం నుంచి అల్లాహ్ వైపు మరలడానికి) షరతులు చెబుతూ, పాపం అల్లాహ్‌కూ మనిషికీ మధ్యదైతే మూడు చాలన్నారు: మానేయడం, పశ్చాత్తాపపడటం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం. తోటి మనిషి హక్కు పోయిన చోట నాలుగోది చేర్చారు. తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి. చేని గెనిమను పక్కవాడి భూమిలోకి జరిపిన మనిషి మాఫ్ అడగడానికి వెళ్తే, ముందు పార పట్టుకుని గెనిమను పాత చోట వేయాలి. బెంగళూరులో విమానం ఎక్కేది ఆ తర్వాత.