పదస్మృతియు నిఘంటుక్రమమును: బోధను చెరకుసీమ నిదర్శనము

నిఘంటువు పదముల కోశమనుట లోకప్రసిద్ధము. కాని మాటలాడు ప్రతి మనుష్యుని మనస్సునందును ఒక కోశము కలదు. ఈ రెండింటి కూర్పు ఒక్కటియేనా? కానిచో పదసేకరణమునకు పూనుకొనినవాడు దేని క్రమమును అనుసరింపవలెను? ఇది కేవలము శాస్త్రవినోదమునకై వేసిన ప్రశ్న కాదు. బోధను ప్రాంతమందలి చెరకు వృత్తిపదములు మనకు దక్కుటయో దక్కకపోవుటయో దీని సమాధానముపై ఆధారపడియున్నది.

మన నిఘంటు సంప్రదాయమున రెండు మార్గములు కలవు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము పదములను దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులుగా కూర్చినది. ఇది అమరకోశపు బాట. పద్యమును కంఠస్థము చేసినవానికి ఒక పర్యాయపదము వెంట మరియొకటి నాలుకకు వచ్చును. 1852లో వెలువడిన బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము అకారాది క్రమమును గ్రహించినవి. మొదటి మార్గము అర్థమునుండి పదమునకు, రెండవది పదమునుండి అర్థమునకు దారి చూపును. పలుకువానికి మొదటిదియు, వినువానికి రెండవదియు అనుకూలములు. కావున ఒకదానిని ప్రాచీనమనియు మరియొకదానిని శాస్త్రీయమనియు విభజించుట తొందరపాటు.

అయినను మనస్సు ఈ రెండు మార్గములతోనే తృప్తి చెందదు. గౌతముని న్యాయసూత్రములందు తృతీయాధ్యాయమున స్మృతికి హేతువులు పెక్కు చెప్పబడినవి. అందు నిబంధము, అభ్యాసము, సాదృశ్యము, ఆనంతర్యము, ఏకకార్యము, వియోగము మొదలగునవి కలవు. పదస్మృతికి అన్వయించి చూచినచో ఆంధ్రనామసంగ్రహము నిబంధమును ఆశ్రయించినది. అకారాది నిఘంటువు ధ్వనిసాదృశ్యమును ఆశ్రయించినది. ఒకదాని వెంట మరియొకటి వచ్చుటయైన ఆనంతర్యమును, ఒక పనియందు కూడియుండుటయైన ఏకకార్యమును రెండును విడిచినవి. వృత్తిపదములకు ప్రాణము ఈ రెండింటియందే యున్నది.

దీనికి నేను స్వయముగా కనిన నిదర్శనమొకటి. బోధను చేరువ గ్రామమున, పూర్వము బెల్లము వండిన ఒక వృద్ధ రైతును పదముల పట్టిక ముందుంచుకొని ప్రశ్నించితిని. రసము కాగునపుడు పైకి తేలు మలినమును ఏమందురని అడుగగా ఆయన చాలసేపు తడుముకొని "తొట్టి... తొట్టి కాదు సారూ, అసొంటిదే" అనెను. పట్టికను మూసి, "బెల్లం ఎట్ల వండేటోళ్లో మొదటి నుంచి చెప్పు పెద్దాయనా" అంటిని. గానుగ కట్టుట, రసము పట్టుట, పెనము క్రింద మంట వేయుట వరుసగా చెప్పుచు, చేతితో గరిటె త్రిప్పినట్లు అభినయించి, "గప్పుడు తెట్టు తీసేటోళ్లం" అని ఆగకుండ అనెను. తాను వెదకిన మాట దొరికినదని ఆయన గమనింపనైన లేదు.

ఇందు రెండంశములు గమనింపదగినవి. మొదటిది, మాట అందనప్పుడు సయితము దాని ఛాయ అందినది. తొట్టి, తెట్టు అను రెండింట మొదటి హల్లు ఒకటి, ద్విత్వ టకారము ఒకటి, అక్షరములు రెండేసి. యతిమైత్రి పూర్తిగా కుదరకున్నను ప్రాస కుదిరినది. 1966లో రోజర్ బ్రౌను, డేవిడ్ మెక్‌నీల్ అను పరిశోధకులు నాలుక చివర నిలిచిపోవు మాటలను పరీక్షించి, మాట పూర్తిగా తోచకమునుపే దాని తొలి అక్షరము, అక్షరసంఖ్య తరచుగా తోచుననిరి. మన రైతు తడబాటు దీనికి అనుగుణముగనే యున్నది. ఆద్యక్షరముపై యతిని, ద్వితీయాక్షరముపై ప్రాసను నిలిపిన మన ఛందస్సునకును స్మృతికిని గల సంబంధము వేరుగ పరిశీలింపదగినది. ఒక్క ఉదాహరణముచే సిద్ధాంతము చేయరాదు.

రెండవది, అర్థము చెప్పి అడిగినను రాని మాట పని వరుసలో వచ్చినది. అనగా ఆ పదము మనస్సునందు "మలినము" అను వర్గమున గాక, మంటకును గరిటెకును నడుమ నిలిచియున్నది.

ఇక ఈ సీమయందు పదకోశము ఒక్క భాషది కాదు. 1931లో నిజాంసాగరు పూర్తియైన పిదప కోస్తా జిల్లాల రైతులు వచ్చి ఈ ఆయకట్టున స్థిరపడిరి. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము వలన ఉర్దూ, ఇంగ్లీషు మాటలు వచ్చినవి. మరాఠీ సీమ సరిహద్దుననే యున్నది. చక్కెర, శక్కరి, షక్కర్ అను మూడును శర్కర శబ్దమునుండి వేర్వేరు దారుల వచ్చినవే. అయినను తేనీటిలో శక్కరి వేయుమను మనుష్యుడే కర్మాగారపు పేటను శక్కరినగర్ అనడు, షక్కర్‌నగర్ అనును. సమానార్థకములను మనస్సు ఒక్క సంచిలో పోయక, సందర్భమును బట్టి వేర్వేరు గూళ్లలో ఉంచుచున్నదని దీనివలన తోచుచున్నది. పర్యాయపదములని ఒక్క పంక్తిలో వ్రాయు నిఘంటువు ఈ భేదమును చెరిపివేయుచున్నది.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన, భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తిపదకోశము పదమును గ్రంథమునుండి గాక రైతు నోటినుండి గ్రహించి గొప్ప ఉపకారము చేసినది. దాని మార్గమున నడువ దలచినవారు చాలమంది పట్టికను మాత్రము గ్రహించి, పనిని విడుచుచున్నారు. పట్టికతో పోయినవానికి, తడుముకొనిన మాట "లేని మాట"గా నమోదగును. లోపము వక్తది కాదు, ప్రశ్నది.

ఈ లోపమును సవరించుటకు వ్యవధి తక్కువ. తరచు వాడబడు పేర్లు శీఘ్రముగను, అరుదైనవి ఆలస్యముగను తోచునని ఓల్డ్‌ఫీల్డ్, వింగ్‌ఫీల్డ్ 1965లో నిరూపించిరి. న్యాయశాస్త్రము అభ్యాసమనినది దీనికి దూరము కాదు. బోధను కర్మాగారము 2015లో మూతపడినది. పని ఆగినచో అభ్యాసము ఆగును; మొదట పలుకుట పోవును, తరువాత విన్నప్పుడు గుర్తించుటయు పోవును. ముచ్చె నాటుట మొదలు బెల్లపు అచ్చు తీయువరకు, బండి తూకము మొదలు చక్కెర బస్తా కుట్టువరకు పనిని పనిగా చెప్పించి వ్రాసికొనుటయే నేడు విద్యార్థులు చేయదగిన కృషి. అట్లు సేకరించినదానిని పిదప అకారాదిగా అమర్చుకొనవచ్చును. అకారాదిగా అడిగి సేకరింపరాదు.