పేరును ఎవరి చేతిలో పెడదాం?

వెబ్‌సైట్ పెట్టేవాళ్లు హోస్టింగ్ కోసం నాలుగు చోట్ల ధరలు కనుక్కుంటారు, డిజైన్ కోసం పదిమందిని అడుగుతారు. డీఎన్ఎస్ దగ్గరికి వచ్చేసరికి డొమైన్ కొన్నచోట ఏది దొరికితే దానితోనే సరిపెట్టుకుంటారు. పేరు అడిగినవాళ్లకు చిరునామా చెప్పేది అదే. అది పలక్కపోతే సర్వర్ ఎంత బాగున్నా సైటు లేనట్టే. 2016 అక్టోబరు 21న, ఇళ్లలోని కెమెరాలనూ రౌటర్లనూ లోబరుచుకున్న మిరాయ్ మూక డిన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద పడింది. డిన్‌ను నమ్ముకున్న ట్విట్టర్ సర్వర్లు నిక్షేపంగానే ఉన్నా, ఆ పేరు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు.

ఉచితంగా ఈ పని చేసిపెట్టేవాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తాను: క్లౌడ్‌ఫ్లేర్, హరికేన్ ఎలక్ట్రిక్, డీసెక్. చిన్న సైటుకు ముగ్గురి వేగమూ చాలు, ఆ లెక్కల జోలికి పోను. మన పేరు చేతికొచ్చాక వాళ్లు దానితో ఏం చేస్తారు, వెళ్లిపోతామంటే ఎలా పోనిస్తారు అన్నదే నాకు ముఖ్యం.

చేరడం క్లౌడ్‌ఫ్లేర్‌లోనే తేలిక. పాత రికార్డులను తనే వెతికి పట్టిక వేస్తుంది. ఆ పట్టికలో కొన్ని రికార్డుల పక్కన చిన్న నారింజరంగు మేఘం ఉంటుంది. అది వెలిగి ఉన్నంతసేపు అడిగినవాళ్లకు వెళ్లేది మన సర్వర్ చిరునామా కాదు, క్లౌడ్‌ఫ్లేర్‌ది. పాఠకుడి ప్రతి క్లిక్కూ వాళ్ల మీదుగానే వస్తుంది. దాడుల బెడద ఉన్న సైటుకు ఇది పెద్ద అండ. ఒట్టి డీఎన్ఎస్ చాలనుకున్నవాళ్లు దాన్ని నొక్కి బూడిదరంగుకు మార్చుకోవాలి. మెయిల్ సర్వర్ పేరు మీద వెలిగించి వదిలేస్తే ఉత్తరాలే చేరవు. డొమైన్ కూడా అక్కడే కొన్నవాళ్లకు ఇంకో ముడి ఉంది: చిరునామా చెప్పే నేమ్‌సర్వర్లు వేరేవాళ్లవి పెట్టుకోనివ్వరు, ముందు డొమైన్‌నే మరో రిజిస్ట్రార్‌కు తరలించుకోవాలి. అక్కడ నాకు నచ్చని షరతు ఇదొక్కటే, కానీ గట్టిది.

హరికేన్ ఎలక్ట్రిక్ పేజీ చూడ్డానికి పాతకాలపుది. 50 డొమైన్ల దాకా పెట్టుకోవచ్చు. జవాబు అసలైనదేనని రుజువు చేసే డీఎన్ఎస్‌సెక్ సంతకం తను చేయదు. సొంత సర్వర్ నడుపుకునేవాళ్లకు మాత్రం ఇది బంగారం: రికార్డుల అసలు ప్రతి మన దగ్గరే ఉంచుకుని, నకలు వాళ్ల దగ్గర పెట్టవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ ఈ వెసులుబాటును పెద్ద సంస్థల ప్లానుకే ఇస్తుంది.

డీసెక్ బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంఘం. కోడ్ అంతా బహిరంగం. చేరిన ప్రతి డొమైన్‌కూ అడక్కుండానే డీఎన్ఎస్‌సెక్ సంతకం పడుతుంది. నేమ్‌సర్వర్ల పేర్లు చూడండి: ఒకటి డాట్ ఐఓ కింద, రెండోది డాట్ ఆర్గ్ కింద. హరికేన్‌కు ఐదు నేమ్‌సర్వర్లున్నా అన్నీ ఒకే డొమైన్ కింద, క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చే రెండూ అంతే. ఆ ఒక్క డొమైన్‌కు ఏదైనా జరిగితే అన్నీ ఒకేసారి మూగబోతాయి. డీసెక్‌కున్న ఈ ముందుచూపు ఉచిత సేవలో కనిపించడం నాకు చాలా నచ్చింది. లోటు టీటీఎల్ దగ్గర, అంటే పాత జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు దగ్గర ఉంది: మామూలుగా 3600 సెకన్లకు తగ్గనివ్వరు. సర్వర్ మార్చిన రోజు గంటసేపు కొందరు పాత చోటికే వెళ్తుంటారు.

వెళ్లిపోయే సంగతి ఎందుకింత పట్టించుకుంటానంటే, ఒకసారి ఓ చిన్న పత్రిక సైటుకు నేమ్‌సర్వర్లు మారుస్తూ రికార్డులన్నీ చేత్తో ఎక్కించాను. మెయిల్ సంతకాన్ని సరిచూసే డీకిమ్ రికార్డు ఒక్కటి తప్పిపోయింది. సైటు చక్కగా తెరుచుకుంటోంది, చందాదారులకు పంపిన ఉత్తరాలేమో స్పామ్‌లో పడుతున్నాయి. ఒక పాఠకురాలు ఫోన్ చేసి అడిగేదాకా నాకు తెలియలేదు. అప్పటినుంచి జోన్ మొత్తాన్ని, అంటే డొమైన్ రికార్డులన్నిటినీ, ఒకే ఫైలుగా దించుకోనిస్తారా అన్నదే ముందు చూస్తాను. క్లౌడ్‌ఫ్లేర్, డీసెక్ రెండూ ఇస్తాయి.

పత్రికకో, సాహిత్య సంఘానికో, బడికో అయితే నా ఓటు డీసెక్‌కే. దాడులు తట్టుకోవాల్సిన సైటును, రోజూ రికార్డులు మారే సైటును క్లౌడ్‌ఫ్లేర్‌లోనే పెడతాను. డీసెక్‌లో చేరేవాళ్లు ఒక్కటి రాసిపెట్టుకోండి: ఎప్పుడైనా వదిలి వెళ్లేటప్పుడు ముందు రిజిస్ట్రార్ దగ్గరున్న, ఆ డీఎన్ఎస్‌సెక్ సంతకాన్ని సరిచూసే డీఎస్ రికార్డు తీసేయండి, ఒకట్రెండు రోజులు ఆగండి, ఆ తర్వాతే నేమ్‌సర్వర్లు మార్చండి.